తెర మీద గీయాలా, పలక మీద గీయాలా?

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేటి సరస్సు చుట్టూ పరుచుకున్న ప్రాంతానికి గీతతో అనుబంధం పాతది. 1933లో నరసాపురంలో పుట్టిన బాపు, ఏలూరులో పుట్టిన కార్టూనిస్టు మోహన్ తెలుగు పత్రికల బొమ్మకు తమవైన గీతలను ఇచ్చారు. ఏలూరు తివాచీకీ, నరసాపురం లేసు అల్లికకూ కూడా ముందు గీతలో రూపం ఏర్పడుతుంది, ఆ తరవాతే అది నేతలోకో అల్లికలోకో వెళ్తుంది. కాగితం మీద సాగిన ఈ పనిలో చాలా భాగం ఇప్పుడు కంప్యూటరుకు మారింది. ఫ్లెక్సీ బ్యానరు, శుభలేఖ, పిల్లల పుస్తకం, యానిమేషన్, వీడియో పాఠం, వీటిలో ఏది చేయదలచినవారికైనా మౌసుతో గీయడం కష్టమని కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది. అప్పుడు డ్రాయింగ్ ట్యాబ్లెట్ అవసరం ఏర్పడుతుంది. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఉండి దాన్ని కొనదలచిన విద్యార్థికి, వృత్తి చిత్రకారుడికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: తెర లేనిది చాలునా, తెర ఉన్నదే కావాలా?

రెండు రకాలు, రెండు చరిత్రలు

తెర లేని ట్యాబ్లెట్ అంటే నల్లని, నునుపైన ఒక పలక. దాని మీద ప్రత్యేకమైన పెన్నుతో గీస్తే గీత పలక మీద కనబడదు, ఎదురుగా ఉన్న కంప్యూటర్ తెర మీద కనబడుతుంది. తెర ఉన్న ట్యాబ్లెట్ అదే పలక మీద ఒక డిస్‌ప్లేను అమర్చినది, కాబట్టి పెన్ను మొన ఎక్కడ ఆనితే గీత అక్కడే పుడుతుంది. ఈ రెండూ సొంతంగా పనిచేసే కంప్యూటర్లు కావు. రెండింటికీ పక్కన ల్యాప్‌టాప్ గానీ డెస్క్‌టాప్ గానీ ఉండాలి. ఈ సంగతి తెలియక, తెర ఉన్నది కొంటే దానితోనే పని గడిచిపోతుందని భావించి ఆ తరవాత ఇబ్బంది పడేవారు ఉంటారు.

ఈ రెండు పద్ధతులు దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ రూపొందించిన స్కెచ్‌ప్యాడ్‌లో కాంతిపెన్నును నేరుగా తెరకు ఆనించి గీసేవారు. మరుసటి సంవత్సరం, 1964లో, రాండ్ సంస్థ తయారుచేసిన ట్యాబ్లెట్‌లో 10 అంగుళాల చదరపు పలక మీద చేయి కదిలితే గీత వేరే తెర మీద కనబడేది. ఆ పలక పది లక్షలకు పైగా బిందువులను విడివిడిగా గుర్తించగలిగేది. చేయి ఒకచోట, చూపు మరొకచోట ఉన్నా వాడేవారు త్వరగానే అలవాటుపడతారని దాని రూపకర్తలు అప్పుడే గమనించారు. జపాన్‌లో 1983లో ఏర్పడిన వాకమ్ సంస్థ తీగ గానీ బ్యాటరీ గానీ అక్కరలేని పెన్నును వ్యాప్తిలోకి తెచ్చింది; 2001లో వచ్చిన దాని సింటిక్ శ్రేణి తెర ఉన్న ట్యాబ్లెట్‌ను వృత్తి చిత్రకారుల బల్ల మీదికి చేర్చింది. తరవాతి కాలంలో హుయాన్, ఎక్స్‌పీ-పెన్ వంటి సంస్థలు తక్కువ ధరలో రెండు రకాలనూ తేవడంతో ఈ ఎంపిక సామాన్య కుటుంబాల ముందుకు కూడా వచ్చింది.

పెన్ను ఎక్కడుందో పలకకు ఎలా తెలుస్తుంది?

నేటి ట్యాబ్లెట్లలో ఎక్కువ భాగం విద్యుదయస్కాంత అనునాదం అనే సూత్రం మీద పనిచేస్తాయి. ఒక కంపనానికి సరిగ్గా సరిపోయే మరో వస్తువు దానంతట అదే స్పందించడాన్ని అనునాదం అంటారు. పలక లోపల సన్నని తీగల జాలకం ఉంటుంది, పెన్నులో చిన్న తీగచుట్ట ఉంటుంది. జాలకం నుంచి వెలువడే బలహీనమైన సంకేతానికి పెన్నులోని చుట్ట స్పందించి తిరిగి సంకేతం పంపుతుంది, అది ఏయే తీగల దగ్గర బలంగా అందిందో లెక్కగట్టి పలక పెన్ను స్థానాన్ని నిర్ణయిస్తుంది. మొనను గట్టిగా నొక్కినప్పుడు పెన్నులోని సర్క్యూట్ గుణం కొద్దిగా మారుతుంది, ఆ మార్పునే ఒత్తిడిగా చదువుతారు. కుంచెను నొక్కితే గీత లావెక్కి, తేలిక చేస్తే సన్నబడే లక్షణం డిజిటల్ బొమ్మలోకి వచ్చేది ఈ ఒత్తిడి గుర్తింపు ద్వారానే. పెన్ను స్పర్శకు కాక సంకేతానికి స్పందిస్తుంది కాబట్టి, తెర లేని పలక మీద పలుచని కాగితం పరచి, దాని మీది పాత బొమ్మను అనుసరించి గీయడం కూడా సాధ్యమే.

రెండు రకాల్లోనూ పెన్ను సూత్రం సాధారణంగా ఇదే. అందువల్ల తెర ఉన్నంత మాత్రాన గీత మెరుగవుతుందనుకోవడానికి ఆధారం లేదు. మారేది కంటికీ చేతికీ మధ్య ఉండే సంబంధం, దానితోపాటు ధర.

చూపు ఒకచోట, చేయి ఒకచోట

తెర లేని పలకకు అలవాటుపడటం మొదట్లో చికాకు కలిగిస్తుంది. పెన్ను పలక మీద ఏ మూల ఆనితే తెర మీద ఆ మూలకే గుర్తు వెళ్తుంది. మౌసు మాదిరిగా ఎత్తి, జరిపి, మళ్లీ పెట్టే పద్ధతి ఇందులో ఉండదు. ఈ స్థిరమైన పొంతనను చేయి గ్రహించేదాకా గీతలు వంకర పోతాయి, రెండు కొసలు కలపవలసిన చోట కలవవు. అయితే రోజూ కొంతసేపు గీతలు, వలయాలు, అక్షరాలు సాధన చేసేవారికి ఈ ఇబ్బంది సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఒకసారి అలవాటయ్యాక దీనిలో ఒక సౌలభ్యం కూడా ఉంది: చేయి బొమ్మకు అడ్డురాదు, తల నిటారుగా ఉంటుంది, బొమ్మ మొత్తం కళ్లముందే ఉంటుంది.

తెర ఉన్న ట్యాబ్లెట్‌లో ఈ సాధన చాలావరకు తప్పుతుంది. కాగితం మీద ఏళ్లుగా గీసిన చేయి ఉన్నవారు మొదటి రోజు నుంచే పనిలోకి దిగగలరు. కానీ ఇక్కడ కూడా ఒక చిన్న తేడా ఉంటుంది: పై గాజుకూ లోపలి తెరకూ మధ్య ఖాళీ ఉంటే, పెన్ను మొన ఆనిన చోటుకూ గీత కనబడే చోటుకూ కొద్దిగా ఎడం వస్తుంది, పక్క నుంచి చూసే కొద్దీ ఆ ఎడం పెరుగుతుంది. దీన్ని దృష్టిభేదం అంటారు. గాజునూ తెరనూ ఖాళీ లేకుండా అతికించిన నమూనాల్లో ఇది బాగా తగ్గుతుంది. వ్యాపార ప్రకటనల్లో దీన్నే ఫుల్ ల్యామినేషన్ అని పేర్కొంటారు. తెర ఉన్నది కొనేవారు మొదట చూడవలసిన గుణం ఇదే.

అంకెల్లో అసలైనవి, ఆర్భాటమైనవి

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చయ్యేవి ఒత్తిడి స్థాయిలు: 2048, 4096, 8192, ఇటీవల 16384. నొక్కుడులోని తేడాను పెన్ను ఎన్ని మెట్లుగా విభజించగలదో ఈ సంఖ్య చెబుతుంది. సాధారణ డిజిటల్ చిత్రంలో ఒక్కో రంగుకు ఉండే ఛాయలు 256 మాత్రమే కాబట్టి, 2048 దాటిన మెట్ల మధ్య తేడాను చేయి గుర్తుపట్టడం అరుదు. దీనికన్నా ముఖ్యమైనది, ప్రకటనల్లో అంతగా కనబడనిది, పెన్ను ఎంత తక్కువ ఒత్తిడికి గీత మొదలుపెడుతుందన్నది. కొల్లేటిలోని ఆటపాక పక్షుల కేంద్రంలో కనిపించే గూడబాతు మెడ మీది నూగు ఈకలను గీయాలంటే మొన దాదాపు తాకీతాకనట్టుగా కదలాలి. గట్టిగా నొక్కితేనే పలికే పెన్నుకు 16384 స్థాయిలు ఉన్నా ఆ ఈక రాదు.

రెండవ అంకె పలక సూక్ష్మత, అంటే అంగుళంలో ఎన్ని గీతలను విడిగా గుర్తిస్తుందన్నది. 2540 గీతల పలక మిల్లీమీటరులో నూరో వంతు కదలికను పట్టుకుంటుంది, 5080 గీతలది అందులో సగాన్ని పట్టుకుంటుంది. 13.3 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఒక్కో పిక్సెల్, అంటే బొమ్మను కూర్చే అతి చిన్న రంగు గడి, 0.15 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. కాబట్టి తక్కువ సూక్ష్మత ఉన్న పలక కూడా తెర చూపగలిగిన దానికన్నా ఎక్కువే గ్రహిస్తున్నట్టు లెక్క.

నిజంగా తేడా తెచ్చేది పరిమాణం. 152 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న పలకను 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌కు కలిపితే, చేయి 1 సెంటీమీటరు కదిలినప్పుడు గీత సుమారు 2.3 సెంటీమీటర్లు సాగుతుంది. 224 మిల్లీమీటర్ల మధ్యస్థ పలక అయితే సుమారు 1.5 సెంటీమీటర్లే సాగుతుంది. అదే చిన్న పలకను 24 అంగుళాల మానిటరుకు కలిపితే గీత మూడున్నర రెట్లు సాగి, చేతిలోని చిన్న వణుకు కూడా బొమ్మలో పెద్దదై కనబడుతుంది. మణికట్టుతో మాత్రమే గీసేవారికి, ఫొటోలు సరిదిద్దేవారికి చిన్నది సరిపోతుంది. మోచేతి నుంచి చేయి తిప్పి పొడవైన గీతలు లాగేవారికి మధ్యస్థం అవసరం.

సున్నా గుండ్రంగా రావాలి

పలక పొడవు వెడల్పుల నిష్పత్తీ, తెర నిష్పత్తీ ఒకటి కాకపోతే బొమ్మ సాగిపోతుంది. 152కు 95 మిల్లీమీటర్ల పలక నిష్పత్తి 16:10, ఎక్కువ ల్యాప్‌టాప్ తెరల నిష్పత్తి 16:9. ఈ రెండింటినీ ఉన్నవున్నట్టు కలిపితే చేతితో గీసిన వృత్తం తెర మీద అడ్డంగా సుమారు 11 శాతం సాగి కోడిగుడ్డు ఆకారంలో కనబడుతుంది. గుండ్రని మలుపులే ప్రధానంగా ఉన్న తెలుగు లిపిని చేత్తో రాసేవారికి ఇది వెంటనే తెలుస్తుంది. సున్నా, ఠ, ళ వంటి రూపాలు ఎంత జాగ్రత్తగా రాసినా పక్కకు లాగినట్టు వస్తాయి. ట్యాబ్లెట్‌తో వచ్చే డ్రైవరు, అంటే దాన్ని కంప్యూటరుతో కలిపే సాఫ్ట్‌వేరు, తెరిచి నిష్పత్తిని సమానం చేసే అమరిక ఎంచుకుంటే పలక అడుగున సుమారు 9 మిల్లీమీటర్ల పట్టీ నిరుపయోగమవుతుంది గానీ సున్నా మళ్లీ గుండ్రంగా వస్తుంది. తెర లేని పలక తమకు సరిపడదని నిర్ణయించుకునే ముందు ఈ ఒక్క అమరికను సరిచూసుకోవాలి. తెర ఉన్నదానిలో పలక, తెర ఒకటే కాబట్టి ఈ సమస్య తలెత్తదు.

ఎండ, కరెంటు, మెడ

తెర లేని పలక ఒక యూఎస్‌బీ తీగతో కలుస్తుంది, చాలా కొద్ది విద్యుత్తు తీసుకుంటుంది. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు పని సాగుతుంది. తెర ఉన్న ట్యాబ్లెట్‌కు దృశ్య సంకేతం, సమాచారం, విద్యుత్తు మూడూ కావాలి. చాలా నమూనాల్లో ఒక కొస హెచ్‌డీఎంఐ రంధ్రంలోకి, మిగతావి యూఎస్‌బీల్లోకి వెళ్లే మూడు పాయల తీగ ఉంటుంది. కొన్ని ఒకే టైప్-సీ తీగతో పనిచేస్తాయి గానీ, ల్యాప్‌టాప్‌లోని టైప్-సీ రంధ్రం దృశ్యాన్ని కూడా పంపగలిగినదై ఉండాలి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఆ రంధ్రం సమాచారానికి మాత్రమే పరిమితమై ఉండటం మామూలే. కొనే ముందు ల్యాప్‌టాప్ వివరాల్లో ఈ విషయం చూసుకోవాలి. విద్యుత్తును ల్యాప్‌టాప్ నుంచే తీసుకుంటే బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది, అడాప్టరు పెడితే కరెంటు పోయినప్పుడు పని ఆగుతుంది.

వేసవిలో 40 డిగ్రీలు దాటే ఏలూరు వాతావరణంలో, తేమ ఎక్కువగా ఉండే కొల్లేటి గ్రామాల్లో అరచేయి చెమటతో పలకకు అంటుకుపోయి గీత తడబడుతుంది. చిటికెన వేలినీ, ఉంగరపు వేలినీ మాత్రమే కప్పే పలుచని తొడుగు దీనికి చవకైన మందు. తెర ఉన్నది పనిచేసే కొద్దీ కొంత వేడెక్కుతుంది, కాబట్టి దానికి ఈ తొడుగు మరింత అవసరం.

శరీరం విషయంలో కూడా రెండింటికీ తేడా ఉంది. తెర ఉన్న ట్యాబ్లెట్‌ను బల్ల మీద పడుకోబెట్టి గంటల తరబడి గీస్తే మెడ వంగిపోయి నొప్పి మొదలవుతుంది. ఏటవాలుగా నిలబెట్టే స్టాండు లేకుండా దాన్ని వాడకూడదు. తెర లేని పలకతో తల ఎత్తి కూర్చోవచ్చు, అయితే పలక మరీ పక్కకు ఉంటే భుజం అలసిపోతుంది, కనుక దాన్ని తెరకు సరిగ్గా ఎదురుగా పెట్టుకోవాలి.

పనిని బట్టి ఎంపిక

చేతిముడి తివాచీ రూపాన్ని గళ్ల కాగితం మీద వేస్తారు. అందులో ఒక్కో గడి ఒక్కో ముడికి గుర్తు. దీన్ని కంప్యూటరులో చేసేటప్పుడు పని అంతా గడులను రంగుతో నింపడమే కాబట్టి చిన్న పలక చాలు, తెర కోసం డబ్బు పెట్టడం వృథా. ఫ్లెక్సీ, శుభలేఖల దుకాణంలో అక్షరాలు ఫాంట్ల నుంచి వస్తాయి, చేతిపని ప్రధానంగా ఫొటోలోని మనిషి అంచులు కత్తిరించడం, నీడలు సరిదిద్దడం. దీనికి కూడా చిన్నదో మధ్యస్థమో సరిపోతుంది. తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన నిట్ వంటి సంస్థల్లో చదివేవారికి, ఆన్‌లైన్‌లో లెక్కలు బోధించేవారికి సమీకరణాలు రాయడమే పని కాబట్టి తక్కువ ధర పలకకు మించినది అక్కరలేదు.

వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చే అంశాలకు, అంటే ఆకు ఈనెలు, పూరేకుల అమరిక వంటి శాస్త్రీయ చిత్రాలకు, సన్నని కచ్చితమైన గీత కావాలి. ఫొటోను అడుగు పొరలో ఉంచి దాని మీద గీసే పద్ధతి పలక మీద కూడా సాధ్యమే. కానీ అలాంటి చిత్రాలు వరసగా గీయవలసినవారికి తెర ఉన్నది సమయం మిగులుస్తుంది. చేతిరాత అక్షరాలు, బొమ్మల కథలు, చట్రం వెంట చట్రం గీసే యానిమేషన్ చేసేవారి సంగతి కూడా అంతే. ఒక గీత కొస మరో గీత మొదలును తాకవలసిన సందర్భాలు వీటిలో రోజుకు వేలల్లో ఉంటాయి, ఒక్కోదానిలో మిగిలే క్షణం నెలాఖరుకు గంటలవుతుంది.

కొల్లేటి పక్షులను రంగుల్లో చిత్రించేవారు మరో అంశం చూడాలి. 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సులో గూడబాతుల బూడిద ఛాయలు, ఎర్రకాళ్ల కొంగ తోక దగ్గరి గులాబీ రంగు చాలా సున్నితమైనవి. తెర ఉన్న ట్యాబ్లెట్ రంగును సరిగా చూపకపోతే తెర మీద బాగున్న బొమ్మ అచ్చులో మారిపోతుంది. ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల పరిధిని దాదాపు పూర్తిగా చూపేదీ, ఏ కోణం నుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ రకం తెర గలదీ ఎంచుకోవాలి. మంచి మానిటరు ఇప్పటికే ఉన్నవారు దానికి ఒక పలక కలుపుకుంటే, చవకరకం తెర ట్యాబ్లెట్‌లో కన్నా నమ్మదగిన రంగులు చూడగలరు. ఏ4 కాగితాన్ని అచ్చుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన తయారుచేస్తే దాని పొడవు 3508 పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ తెర నిలువునా 1080 మాత్రమే చూపుతుంది కనుక, రెండు రకాల్లోనూ బొమ్మను దగ్గరికీ దూరానికీ జరుపుతూ గీయవలసిందే.

మూడో దారి

సరస్సు గట్టున కూర్చుని గీయాలనుకునేవారికి ఈ రెండూ అంతగా అనుకూలం కావు, ఎందుకంటే రెండింటికీ ల్యాప్‌టాప్ మోయాలి. ఆపిల్ పెన్సిల్‌తో ఐప్యాడ్, ఎస్ పెన్‌తో శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్ వంటివి సొంతంగా పనిచేస్తాయి, బ్యాటరీతో నడుస్తాయి. వీటి ధర ఎక్కువ, ఎండలో తెర మసకబారుతుంది, కంప్యూటరులో దొరికే కొన్ని సాఫ్ట్‌వేర్లు వీటిలో దొరకవు. కంప్యూటరు అసలే లేని విద్యార్థికి మరో మార్గం ఉంది: కొన్ని తెర లేని పలకలు ఓటీజీ తీగతో, అంటే యూఎస్‌బీ పరికరాన్ని ఫోనుకు కలిపే తీగతో, ఆండ్రాయిడ్ ఫోనుకు కలిసి పనిచేస్తాయి. తెర చిన్నదైనా, నేర్చుకోవడం మొదలుపెట్టడానికి అది చాలు. సాఫ్ట్‌వేరు కోసం కూడా వెంటనే డబ్బు పెట్టనక్కరలేదు. కంప్యూటరులో క్రిటా, ఫోనులో ఐబిస్ పెయింట్ ఉచితంగా లభిస్తాయి.

కొనేటప్పుడు

చిన్న తెర లేని పలకలు సుమారు 3 వేల నుంచి 6 వేల రూపాయల మధ్య దొరుకుతాయి; 12, 13 అంగుళాల తెర ఉన్నవి 20 వేల పరిసరాల్లో మొదలవుతాయి. పెన్ను మొనలు అరుగుతాయి కాబట్టి విడి మొనలు దొరికే నమూనానే కొనాలి. పలక పైభాగం గరుకైతే కాగితం మీద గీసినట్టు ఉంటుంది గానీ మొన త్వరగా అరుగుతుంది. నున్నదైతే మొన నిలుస్తుంది, చేయి జారుతుంది. కిందపడితే పలకకు సాధారణంగా పెద్ద నష్టం ఉండదు, తెర ఉన్నది పగిలితే మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా రావచ్చు. కనుక వారంటీ ఎంతకాలమో, మరమ్మతు కేంద్రం ఏ ఊళ్లో ఉందో ముందే కనుక్కోవాలి. దుకాణంలో పరీక్షించే వీలుంటే స్కేలు ఆనించి ఏటవాలు గీతను నెమ్మదిగా లాగాలి. అది అలలుగా వంకరపోతే ఆ ట్యాబ్లెట్‌ను వదిలేయడం మంచిది. పాతది కొనేవారు నాలుగు మూలల్లోనూ పెన్ను పలుకుతోందో లేదో, తమ కంప్యూటరుకు తగిన డ్రైవరు ఇప్పటికీ లభిస్తోందో లేదో చూసుకోవాలి.

ఇన్ని అంశాలు కలిపి చూస్తే తీర్పు కష్టం కాదు. కొత్తగా నేర్చుకునేవారు, బోధించేవారు, ఫొటోలు, బ్యానర్లు, తివాచీ గడుల పని చేసేవారు మధ్యస్థ పరిమాణం గల తెర లేని పలకను, డబ్బు చాలకపోతే చిన్నదాన్ని, కొనడం మంచిది. గీతే జీవనాధారమై, రోజులో ఎక్కువ గంటలు అక్షరాలో కథల బొమ్మలో యానిమేషనో గీసేవారికి, ఆ పని ద్వారా వచ్చే ఆదాయం ఖర్చును కొన్ని నెలల్లో తిరిగి ఇవ్వగలిగినప్పుడు, తెర ఉన్నది సరైన పనిముట్టు. పలక మీద ఆరు నెలలు శ్రద్ధగా గీసిన తరవాత కూడా తెర లేని లోటు పనిలో అడ్డుపడుతున్నట్టు తేలితేనే రెండవది కొనాలి. అప్పటికి ఏ పరిమాణం, ఏ రంగు నాణ్యత, ఏ తీగ తమకు కావాలో కొనేవారికే స్పష్టంగా తెలిసి ఉంటుంది.